గడీ పక్షాన ఎవరు రాశారు?

నల్లగొండ, పాలమూరు జిల్లాల ఇరవయ్యో శతాబ్దపు రాజకీయాన్ని చదవాలనుకునేవారికి పుస్తకాల కొదవ లేదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర ఉంది. దేవులపల్లి వెంకటేశ్వరరావు గ్రంథం ఉంది. రావి నారాయణరెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి జ్ఞాపకాలున్నాయి. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్లోనే స్త్రీశక్తి సంఘటన 1980లలో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉంది. దాశరథి రంగాచార్య నవలలు సరేసరి. వీటన్నిటితో ఒక అలమార నిండుతుంది. ఆ అలమారలో దొర లేని పుస్తకం దాదాపు లేదు. గడీలో కూర్చున్న దొర రాసిన పుస్తకం మాత్రం వెతికినా సులువుగా దొరకదు.

ఇది చిన్న ఖాళీ కాదు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి వారి చేతిలో 1,50,000 ఎకరాలు, అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని సుందరయ్య లెక్క చెప్పారు. ఇంత భూమి, ఇంత అధికారం ఉన్న వర్గం తన పక్షాన ఒక వాదం కట్టుకోలేదా? కట్టుకుంటే అది ఏ భాషలో, ఎవరి కోసం అచ్చయింది? ఓడినవాళ్లు రాయరు, గెలిచినవాళ్లే రాస్తారు అనే మామూలు జవాబు ఇక్కడ చెల్లదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించింది కమ్యూనిస్టులు. భూమిలో పెద్ద భాగం నిలుపుకున్నది దొరలు. అయినా చరిత్ర రాసింది కమ్యూనిస్టులే.

పాత వ్యవస్థను కాపాడాలనుకునేవాళ్లు కలం పట్టరనేది ప్రపంచ నియమమూ కాదు. బ్రిటన్‌లో కన్జర్వేటివులకు పార్టీ కంటే ముందు పుస్తకం పుట్టింది. ఫ్రెంచి విప్లవాన్ని దుయ్యబడుతూ ఎడ్మండ్ బర్క్ 1790లో ఒక పుస్తకం రాస్తే, మరుసటి ఏడాదే థామస్ పేన్ దానికి జవాబు రాశాడు. 1832 సంస్కరణ చట్టంతో ఓటర్లు పెరిగారు. రెండేళ్లకు రాబర్ట్ పీల్ టామ్‌వర్త్ ఓటర్లకు రాసిన ఉత్తరాన్ని లండన్ పత్రికలు అచ్చేశాయి. ఆ పార్టీ తొలి ఎన్నికల ప్రణాళికగా ఇప్పటికీ దాన్నే చెబుతారు. ప్రధాని కాకముందే డిజ్రేలీ 1844లో, 1845లో రాజకీయ నవలలు రాసి, ధనికులూ పేదలూ రెండు వేరు జాతులుగా బతుకుతున్న దేశాన్ని తన పార్టీవాళ్ల ముందే పెట్టాడు. 1936లో వామపక్షం ఒక పుస్తక సంఘం పెడితే 1937లో కుడిపక్షం పోటీ సంఘం పెట్టింది. 1945 ఎన్నికలప్పుడు దేశంలో కాగితానికి రేషను. కన్జర్వేటివ్ పార్టీ తన వాటా కాగితంలోంచి కొంత తీసి హయెక్ పుస్తకం సంక్షిప్త ప్రతికి ఇచ్చింది. ఆ ఎన్నికల్లో పార్టీ చిత్తుగా ఓడిందన్నది వేరే సంగతి.

ఈ వరసలో ఎక్కువ భాగాన్ని నడిపింది ఓటు. కానీ బర్క్ రాసేనాటికి ఇంగ్లండులో ఓటున్న మనిషి అరుదు. ఆయన చేత రాయించింది ఓటు కాదు, భయం. పక్క దేశంలో ప్రభువుల కోటలు తగలబడుతుంటే, తన దేశంలో చదివేవాళ్లను ఒప్పించకపోతే ఆ మంట ఇక్కడికీ వస్తుందన్న భయం. నల్లగొండ దొరలకూ ఆ భయం వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాక తాలూకాలు తాలూకాలే లేచాయి. అప్పుడు దొరలు పిలిచింది రచయితలను కాదు. గూండాలను, పోలీసులను పిలిచారు, తర్వాత రజాకార్లను. నూటికి పదిమందికి కూడా చదువు రాని రాజ్యంలో, కచేరీ భాష ఉర్దూ అయిన చోట, తెలుగు పాఠకుణ్ణి ఒప్పించడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ కనపడలేదు.

అంతకుముందు కాలంలో పాత వ్యవస్థకు తనదైన రాత ఉండేది. దక్షిణ పాలమూరంతా సంస్థానాలే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట. నిజాముకు పేష్కషు కట్టి, లోపల తమ పాలన తాము చేసుకునేవి. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. ఈ ఆస్థానాల నుంచి వచ్చినవి పురాణాలు, ప్రబంధాలు, వంశ చరిత్రలు. సాహిత్య చరిత్రకారులు వీటిని క్షీణయుగపు మిగులుగా తీసిపారేస్తారు. నా దృష్టిలో వంశ చరిత్ర పక్కా రాజకీయ రచన. ఈ నేల మాకెలా వచ్చింది, ఎవరిచ్చారు, ఎన్ని తరాలుగా అనుభవిస్తున్నాం అని చెప్పే పుస్తకం పద్యాల్లో ఉన్న పట్టా కాయితమే. అయితే దాని పాఠకులు సాటి రాజులు, పండితులు, పైనున్న నిజాము. గద్వాల కోట కింద నూలు వడికే మనిషి కోసం రాసింది అందులో ఒక్క అక్షరమూ లేదు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ పట్టాకు విలువ పోయింది. ఆ రాత కూడా ఆగింది.

పైస్థాయిలో, అంటే ఆసఫ్‌జాహీ రాజ్యం మొత్తం పక్షాన, పదునైన వాదం ఒకటి తయారైంది. అది ఇంగ్లీషులో, లండన్ కోసం. నిజాముకు రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ ఇంగ్లండులో పేరున్న బారిస్టరు. 1951లో కన్జర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికై, చర్చిల్ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసిన మనిషి. 1948లో ప్రతిపక్షంలో ఉన్న చర్చిల్ కామన్స్ సభలో హైదరాబాదు పక్షాన గట్టిగా మాట్లాడాడు. నిజాము చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ పాకిస్తాన్‌కు వెళ్లిపోయి, తన కథను 1962లో ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ పేరుతో ఇంగ్లీషులోనే అచ్చేశారు. ఆ పుస్తకంలో ఢిల్లీ ఉంది, ఐక్యరాజ్య సమితి ఉంది. సూర్యాపేట రైతు మనసులో ఏముందో మాత్రం రచయితకు పట్టలేదు. తమ రాజ్యపు జనాభాలో సగం మాట్లాడే భాషలో తమ వాదం వినిపించాలన్న ఆలోచనే ఆ పాలకులకు రాలేదు అందామంటే, ‘మీజాన్’ అడ్డొస్తుంది. 1940లలో కలకత్తావాలా హైదరాబాదు నుంచి ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషల్లో నడిపిన పత్రిక అది. ప్రభుత్వానికి అనుకూలమే. కానీ తెలుగు ‘మీజాన్’ సంపాదకత్వం అడవి బాపిరాజు చేతిలో పెట్టారు. బాపిరాజు చేతిలో పడిన పత్రిక ఎవరి పక్షాన ఉంటుందో చెప్పాలా? రాజభక్తి ప్రచారం కంటే తెలంగాణ యువ రచయితలకు అచ్చు రుచి చూపించడంలో ఆ పత్రిక ఎక్కువ పనిచేసింది.

ఇక అసలు విషయం ‘గోలకొండ పత్రిక’. ఈ ప్రశ్నకు ఎక్కువ జవాబు అక్కడే ఉంది, ఎక్కువ తగువూ అక్కడే ఉంది.

అది మొదలవడానికి నాలుగేళ్ల ముందే, 1922లో, షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి పత్రిక’ పెట్టారు. ఇంకా వెనక్కి వెళితే 1913లో పాలమూరు జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్ నుంచి బండారు శ్రీనివాసశర్మ ‘హితబోధిని’ నడిపారు. అవి జిల్లా కేంద్రాల్లో పుట్టి, ఆర్థికంగా నిలవలేక ఆగిపోయిన ప్రయత్నాలు. 1926 మే 10న హైదరాబాదులో మొదలైన ‘గోలకొండ పత్రిక’ మాత్రం వారానికి రెండుసార్లు వస్తూ దశాబ్దాలు నిలిచింది. ఎందుకు నిలిచిందన్నది ముఖ్యం. దాని వెనక రెడ్డి హాస్టల్ ఉంది. హాస్టల్ వెనక రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి ఉన్నారు. వనపర్తి సంస్థానంలో పుట్టి, హైదరాబాదు కొత్వాలు దాకా ఎదిగిన మనిషి. నిజాముకు నమ్మిన అధికారి. 1918లో ఆయన పూనికతో పెట్టిన హాస్టల్‌కు చందాలిచ్చినవాళ్లలో దేశ్‌ముఖులున్నారు, సంస్థానాధీశులున్నారు. ఆ హాస్టల్ బాధ్యతలు చూస్తూ పత్రిక నడిపింది సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల సంస్థానపు ఇటికాలపాడు ఆయన ఊరు, పుట్టింది 1896లో బోరవెల్లిలో.

ఆ పత్రిక గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. తెలంగాణ సాంస్కృతిక చరిత్ర రాసేవాళ్లకు అది చీకట్లో దివిటీ. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల పద్యాలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి నోరు మూయించిన పత్రిక. వామపక్షం వైపు నుంచి చూస్తే అది భూస్వాముల, వకీళ్ల పత్రిక. వెట్టి గురించి రాసినా భూమి ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగిపోయిన పత్రిక.

రెండు కథలూ తప్పు కాదు. రెండూ సగం సగమే. దేశ్‌ముఖుల చందాతో నడిచే సంస్థ గదిలో కూర్చుని, కొత్వాలు అండన ఉండి, జాగీర్ల దౌర్జన్యాల మీద, పటేలు పట్వారీల లంచాల మీద, వెట్టి మీద వారం వారం రాయడం సురవరం చేసిన పని. సర్కారు నుంచి హెచ్చరికలు వచ్చాయి, సంజాయిషీలు అడిగారు. ఆయన వెనక్కి తగ్గలేదు, తెగించనూ లేదు. వ్యంగ్యంలో, చరిత్రలో, పండుగల ముచ్చట్లలో మాట దాచి చెప్పడం నేర్చుకున్నారు. హిందువుల పండుగల మీద పుస్తకం రాశారు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని వెతికిన పుస్తకం. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే, 1955లో, ఆయన పోయిన రెండేళ్లకు దక్కింది. ఆచారాన్ని మనసారా ప్రేమిస్తూ, ఆచారం ముసుగులో జరిగే దోపిడీని అసహ్యించుకున్న మనిషి ఆయన. ఇంగ్లండులో పుట్టి ఉంటే డిజ్రేలీ మొదటి తరం అనుచరుల్లో ఒకడయ్యేవాడని నాకు అనిపిస్తుంది. మనవాళ్లు ఆయన్ను సంస్కర్త అని ఒక చట్రంలో, పండితుడని ఇంకో చట్రంలో బిగించారు. పాతదాన్ని కాపాడటానికే మార్పు కోరిన రాజకీయ రచయితగా ఎవరూ చదవడం లేదు.

అలా చదవాలంటే ముందు తియ్యాల్సిన పుస్తకం ఆయన 1939లో అచ్చేసిన రాజబహద్దూర్ జీవిత చరిత్ర. నిజాం పోలీసు బాసును మెచ్చుకుంటూ రాసిన పుస్తకం అని ఇబ్బంది పడి దాన్ని దాటేస్తుంటారు. నిజానికి పాత వ్యవస్థ పక్షాన తెలుగులో వచ్చిన మేలైన వాదం అందులోనే ఉంది. రాజభక్తి, దానధర్మం, చదువు ఈ మూడింటితో పెద్దమనిషి సమాజాన్ని నిలపగలడన్న నమ్మకం. నమ్మకం ఎలా ఉన్నా ఫలితం మాత్రం తిరగబడింది. కొత్వాలు పెట్టిన హాస్టల్లో చదువుకున్న కుర్రాళ్లలో బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి ఒకరు. ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దిన పనివాళ్లలో నకిరేకల్లు వైపు చెరువు మాదారం వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరు.

ఆళ్వారుస్వామి దగ్గర కాస్త ఆగాలి. ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి చదువుకున్న ఈయన 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. 30కి పైగా పుస్తకాలు అచ్చేశారు. వాటిని మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. పుస్తకం అచ్చేసి ఊరుకుంటే చాలదు, పాఠకుణ్ణి కూడా తయారు చెయ్యాలని ఆయనకు తెలుసు. మితవాదుల పత్రిక చందాదారు తలుపు దాకా వెళ్లి ఆగిపోయేది. ఆళ్వారుస్వామి పుస్తకం చందా కట్టలేని మనిషి దాకా వెళ్లింది. చదవలేని మనిషి దాకా పాట వెళ్లింది, బుర్రకథ వెళ్లింది. గడీ పక్షానికి ఈ మూడు దార్లలో ఒక్కటీ లేదు.

ఆంధ్ర మహాసభ కాగితాల్లో కూడా ఇదే చీలిక కనిపిస్తుంది. రెండో మహాసభ 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, అయిదోది 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షతన జరిగాయి. నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 కింద సభకు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. అందుకే తీర్మానాల భాష అర్జీ భాష. కోరుతున్నాం, వేడుకుంటున్నాం, సర్కారు దృష్టికి తెస్తున్నాం. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక స్వరం మారింది. 1944లో భువనగిరిలో ఆయనే మళ్లీ అధ్యక్షుడు. మితవాదులు బయటికి నడిచారు. సభ రెండయింది. విడిపోయాక మితవాదులకు సొంత సంస్థ మిగిలింది గానీ సొంత సాహిత్యం పెరగలేదు. మాడపాటి హనుమంతరావు రెండు భాగాల ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ రాశారు, మందుముల నరసింగరావు జ్ఞాపకాలు రాశారు. రెండూ విలువైనవే, రెండూ జరిగిపోయినదాన్ని చెప్పేవే. జరగబోయేది ఎలా ఉండాలో చెప్పే రాత ఆ శిబిరంలో తక్కువ.

దాన్ని వాళ్లు రాయలేదనడం కూడా పూర్తి నిజం కాదు. చట్టంగా రాశారు. 1950లో వెల్లోడి ప్రభుత్వం తెచ్చిన హైదరాబాదు కౌలు, వ్యవసాయ భూముల చట్టాన్ని, ముఖ్యమంత్రిగా బూర్గుల 1954లో సవరించిన తీరును రాజకీయ రచనగా చదివితే అందులో ఒక తత్వం ఉంది. యాజమాన్య హక్కును రద్దు చెయ్యదు, పరిహారం లేకుండా భూమి లాక్కోదు, రక్షిత కౌలుదారుకు మాత్రం కాలు మోపడానికి చోటిస్తుంది. తెలంగాణ రెవెన్యూ కచేరీల్లో ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ అంటే తెలియని గుమాస్తా ఉండడు. ఫారసీ కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చిన బూర్గుల మీద సాహిత్య వ్యాసాలు ఎన్నో వచ్చాయి. ఆయన ప్రభుత్వం నుంచి వచ్చిన ఈ గట్టి పాఠాన్ని సాహిత్య విమర్శకులు ముట్టుకోరు, దాన్ని వకీళ్లకు వదిలేశారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నప్పుడు మొదలైన భూదానం దీనికి తోబుట్టువే. హక్కు హక్కుగానే ఉండాలి, హక్కున్నవాడి మనసు మారాలి. భూదానాన్ని నడిపిన వినోబా ప్రసంగాలు తెలుగులోనూ పుస్తకాలుగా వచ్చాయి. పాత వ్యవస్థ మాట సౌమ్యంగా, సామాన్య తెలుగులో వినిపించింది అందులోనే. ఆ మాట రాసింది మహారాష్ట్ర నుంచి నడిచొచ్చిన సన్యాసి కావడం మన దొరల సంగతి చెప్పకనే చెబుతుంది.

ఓటు వచ్చిన మొదటి ఎన్నికల్లో, 1952లో, నల్లగొండలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. నెహ్రూకు అలహాబాదు తూర్పు-జౌన్‌పూర్ పశ్చిమ స్థానంలో పడినవి 2,33,571. అదే ఎన్నికల్లో వనపర్తి నుంచి సురవరం, షాద్‌నగర్ నుంచి బూర్గుల కాంగ్రెసు టికెట్టు మీద గెలిచారు. బ్రిటన్ లెక్కన చూస్తే ఇప్పుడైనా దొరలు కలం పట్టాలి. పట్టలేదు. వాళ్లలో చాలామంది హైదరాబాదు మీద పోలీసు చర్య తర్వాత ఊళ్లకు తిరిగొచ్చేటప్పుడే ఖద్దరు టోపీ పెట్టుకున్నారు. పాలక పార్టీయే తమదైనప్పుడు ప్రత్యేక వాదం ఎందుకు? 1959లో రాజాజీ, ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీ పెట్టి, ఆస్తిహక్కు గురించి, సహకార సేద్యానికి వ్యతిరేకంగా బాహాటంగా వాదించారు. ఆ వాదానికి వేదికైన ‘స్వరాజ్య’ వారపత్రికను 1956లో మొదలుపెట్టింది తెలుగువాడైన ఖాసా సుబ్బారావు. దేశంలో బ్రిటిష్ కన్జర్వేటివ్ రచనకు దగ్గరి పోలిక ఇదే. అదీ మద్రాసు నుంచి, ఇంగ్లీషులో. రంగాకు వెనక నిలిచిన బలం కోస్తా రైతు. గడీలు ఆ వాదాన్ని అరువు తెచ్చుకోవడానికి కూడా ఉబలాటపడలేదు.

పాలమూరు రాజకుటుంబాల్లో ఒకటి మాత్రం నిజంగానే ప్రచురణలోకి దిగింది. అది కథలో పెద్ద మలుపు. వనపర్తి రాజా జె. రామేశ్వరరావు దౌత్యవేత్తగా పనిచేసి, 1957 నుంచి లోక్‌సభకు గెలుస్తూ వచ్చిన కాంగ్రెసు నాయకుడు. 1960ల చివర ఓరియంట్ లాంగ్‌మన్ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. లాంగ్‌మన్ అంటే 1724లో లండన్‌లో పెట్టిన ప్రచురణ సంస్థ. డిజ్రేలీ ‘లోథెయిర్’ను 1870లో అచ్చేసింది వాళ్లే. 1880లో ‘ఎండిమియన్’ నవలకు ఆయనకు 10,000 పౌండ్లు ఇచ్చింది వాళ్లే. కన్జర్వేటివ్ ప్రధాని నవలలు అచ్చేసిన ఇంటి భారతీయ శాఖ, పేష్కషు కట్టిన సంస్థానాధీశుల వారసుడి చేతికి చేరి, హైదరాబాదు హిమాయత్‌నగర్ నుంచి నడిచింది. ఆయన చేతిలో అది రాజుల వాదం వినిపించలేదు. పాఠ్యపుస్తకాలు, సామాజిక శాస్త్రాలు, నెహ్రూ కాలపు ఉదార చింతన దాని సరుకు. 2008లో పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అయింది. 2018లో ఆ సంస్థే సూదిని జైపాల్ రెడ్డి రాసిన ‘టెన్ ఐడియాలజీస్’ తెచ్చింది. నల్లగొండ జిల్లా నెర్మటలో పుట్టి, పాలమూరు జిల్లా మాడ్గులలో పెరిగి, కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి వెళ్లిన నాయకుడు. భూస్వామి కుటుంబం నుంచి వచ్చి సిద్ధాంతాల గురించి పుస్తకం రాసిన రాజకీయ నాయకుడు ఈ రెండు జిల్లాల్లో ఇంకొకరు చప్పున గుర్తుకు రారు. ఆ పుస్తకం కూడా ముందు ఇంగ్లీషులోనే వచ్చింది.

గడీ పక్షం రాత అసలే లేదని తేల్చేముందు వెతకాల్సిన చోటు ఇంకొకటి ఉంది. దొరలకు పాఠకుడు అక్కర్లేదు గానీ న్యాయమూర్తి కావాలి, సుబేదారు కావాలి, రెవెన్యూ మంత్రి కావాలి. తమ వాదాన్ని వాళ్లు వకీళ్ల చేత రాయించారు. ఉర్దూలో అర్జీలుగా, దావాలుగా, అప్పీళ్లుగా, జాగీర్ల రద్దు తర్వాత పరిహారం కోరుతూ పెట్టిన విజ్ఞప్తులుగా. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, ఫారసీ దస్తావేజులు గదులకు గదులున్నాయి. కమ్యూనిస్టు జ్ఞాపకాల నుంచి రాసిన చరిత్రల్లో దొర ఎప్పుడూ కొరడా పట్టుకునే కనిపిస్తాడు. ఆ కాగితాల్లో ఆయన హక్కు, ఆనవాయితీ, తాతలనాటి సనదు అంటూ వాదిస్తాడు. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగిన పరిశోధకులు ఆ కట్టలు విప్పి, ఒక్క దేవరకొండ తాలూకాకైనా, ఒక్క జటప్రోలు సంస్థానానికైనా ఆ అర్జీలను తెలుగులో ఒక సంపుటంగా వేస్తే, సుందరయ్య లెక్కల పక్కన పెట్టి చదవడానికి రెండో పుస్తకం ఉంటుంది.